గోదావరి జిల్లాల్లో ప్రయాణం మధ్యలో చవగ్గా, త్వరగా తినాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో మా వైపు వచ్చే చుట్టాలు, ఫ్రెండ్సు అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. రైలు కొవ్వూరు దాటుతుంటే ఒకరు, రావులపాలెం సెంటర్లో బస్సు దిగి ఒకరు ఫోన్ చేసి "ఇక్కడ ఎక్కడ తినొచ్చు, ఎంతవుద్ది" అంటారు. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసేశాను, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళి అదొక్కటీ చదువుకున్నా సరిపోతుంది. ఏసీ రెస్టారెంట్ల జోలికి వెళ్ళలేదు, బస్సుకీ బస్సుకీ మధ్య దొరికిన అరగంటలో తినే టిఫిన్ సెంటర్లు, మెస్సులు, మీల్స్ హోటళ్ళ గురించే ఇదంతా. నేను గట్టిగా నమ్మేది ఏంటంటే, ఇక్కడ చవక హోటల్లో తిండి ఎలా ఉంటుందన్నది బోర్డు మీద పేరు కంటే మీరు వెళ్ళిన టైమ్ మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

## బయలుదేరే ముందు

కార్లో విజయవాడ నుంచి రాజమండ్రి వస్తున్నాం, మధ్యలో ఎక్కడ ఆగితే మంచిది?

హైవే మీద ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం వరసగా వస్తాయి. నా సలహా అయితే బైపాస్ మీద లైట్లు పెట్టిన పెద్ద హోటల్ దగ్గర కాకుండా పది నిమిషాలు పోయినా పర్లేదు ఊళ్ళోకి దిగండి. బైపాస్ హోటల్ కి వచ్చేవాళ్ళు మళ్ళీ వస్తారో రారో తెలీదు, అదే కోర్టు దగ్గరో, కాలేజీ దగ్గరో, మార్కెట్ యార్డు దగ్గరో ఉన్న హోటల్ కి రోజూ అదే జనం వస్తారు, ఒక్క రోజు పప్పు మాడినా మర్నాడు మొహం మీదే అడుగుతారు. రావులపాలెంలో అరటి మార్కెట్ పెద్దది, గెలలు తెచ్చే రైతులు, లోడింగ్ వాళ్ళు పొద్దున్నే టిఫిన్ కోసం చూస్తారు కాబట్టి ఆ సెంటర్లో పెందలాడే ఇడ్లీ దొరుకుతుంది. అమలాపురం వైపు వెళ్ళేవాళ్ళు అక్కడే కానిచ్చుకుని కొత్తపేట రోడ్డు ఎక్కితే హాయిగా ఉంటుంది.

ఎన్నింటికి ఏం దొరుకుతుంది? మేం దిగేసరికి మూడున్నర అవుద్ది

మూడున్నర అంటే అన్నిట్లోకీ ఇబ్బందైన టైమ్. టిఫిన్లు పొద్దున్న ఆరింటి నుంచి పది, పదిన్నర దాకా. మీల్స్ పన్నెండుకి మొదలవుతాయి, రెండున్నర దాటితే కూరలు ఒక్కోటీ అయిపోతూ ఉంటాయి, మూడు దాటాక చాలాచోట్ల గిన్నెలు కడిగేస్తూ ఉంటారు. నాలుగు, నాలుగున్నరకి బజ్జీలు, పునుగులు వేస్తారు, ఆరున్నర నుంచి మళ్ళీ ఇడ్లీ, దోశ, పెసరట్టు, ఎనిమిదికి రాత్రి భోజనం. అందుకని మూడున్నరకి దిగేవాళ్ళు మిగిలిన అన్నం కోసం హోటల్ హోటల్ తిరగొద్దు, దారిలోనే ఏదో ఒకటి కొంచెం తినేసి నాలుగున్నరకి వేడి పునుగులు తినండి, లేకపోతే బిర్యానీ పాయింట్ చూసుకోండి, అవి మధ్యాహ్నం కూడా మూసెయ్యరు. ఇంకోటి, చిన్న మెస్సులు చాలా వరకు ఆదివారం రాత్రి ఉండవు.

మనిషికి ఎంత పెట్టుకోవాలి?

నేను రాసే నాటికి టిఫిన్ కి యాభై, అరవై రూపాయలు వేసుకుంటే కాఫీతో సహా అయిపోతుంది. చిన్న ఊళ్ళో వెజ్ ఫుల్ మీల్స్ వందకి అటూ ఇటూ, రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి చోట్ల నూట యాభై దాకా ఉంటుంది. నాన్ వెజ్ కూర తీసుకుంటే ఇంకో వంద, నూట యాభై పెరుగుద్ది. వెజ్ తిని, రాత్రికి టిఫిన్ తో సరిపెట్టుకుంటే మనిషికి మూడు వందల్లో రోజంతా కడుపు నిండా తినొచ్చు.

సంక్రాంతికి వస్తున్నాం, హోటళ్ళు తెరిచి ఉంటాయా?

భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ చిన్న హోటళ్ళలో సగం మూసేస్తారు, వంట మాస్టర్లు, సర్వర్లు కూడా పండక్కి ఇంటికి వెళ్ళాలి కదా, వాళ్ళకీ పిల్లలున్నారు. ఊరికి పండగ జనం మాత్రం బాగా ఎక్కువ వస్తారు, తెరిచి ఉన్న నాలుగు హోటళ్ళ మీదే అందరూ పడతారు, రేట్లూ పెరుగుతాయి, వంటా హడావిడి అయిపోతుంది. ఆ మూడు రోజుల్లో పెందలాడే తినెయ్యడం ఒక్కటే మార్గం, టిఫిన్ ఏడున్నర లోపు, భోజనం పన్నెండు కాగానే. చుట్టాలింట్లో ఉంటే మాత్రం హోటల్ మాట ఎత్తకండి, వాళ్ళు నొచ్చుకుంటారు.

కార్తీకమాసంలో నాన్ వెజ్ దొరకదంటారు, నిజమేనా?

దొరుకుతుంది, కానీ తినేవాళ్ళు బాగా తగ్గిపోతారు. ముఖ్యంగా సోమవారాలు, ఏకాదశి, పౌర్ణమికి చాలామంది మానేస్తారు. అమ్మకం తగ్గితే వండింది సాయంత్రం దాకా అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది, అందుకని ఆ నెలలో నేనైతే వెజ్ మీల్సే చెప్తాను. పైగా ఉపవాసం విడిచే జనం కోసం వెజ్ హోటళ్ళు ఆ నెలలో శ్రద్ధగా వండుతాయి, కంద బచ్చలి, పనసపొట్టు కూర లాంటివి మామూలు రోజుల్లో కనపడని చోట కూడా కనపడతాయి.

ఫోన్లో రేటింగ్ చూసి వెళ్తే సరిపోదా?

కొంతవరకు పనికొస్తుంది, మూసేశారో తెరిచారో తెలుస్తుంది. కానీ ఇక్కడి మంచి మెస్సులు కొన్నిటికి బోర్డే ఉండదు, పెంకుటింటి వరండాలో నాలుగు బల్లలు వేసి పెడతారు, వాటికి రేటింగ్ ఎవరిస్తారు? ఆటో స్టాండ్ లో అడగండి, "మాష్టారూ, మీరు ఎక్కడ తింటారు" అని అడగాలి, "మంచి హోటల్ ఎక్కడ" అంటే కొత్తవాళ్ళని పెద్ద హోటల్ కే తీసుకెళ్తారు.

## దిగాక, హోటల్ వెతుక్కునేటప్పుడు

రాజమండ్రిలో రైలు దిగాం, బస్సుకి ముప్పావు గంటే ఉంది, ఏం చెయ్యాలి?

ముందు మీ బస్సు ఎక్కడ నుంచో కనుక్కోండి, ఎందుకంటే ఆర్టీసీ కాంప్లెక్స్, అంటే బస్టాండ్, స్టేషన్ కి నడిచే దూరం కాదు, ఆటో ఎక్కాల్సిందే. స్టేషన్ బయట తినేసి ఆటో కోసం పరిగెత్తే కంటే ముందు కాంప్లెక్స్ కి వెళ్ళిపోయి, బస్సు టైమ్ చూసుకుని, ఆ చుట్టుపక్కల తినడం నయం, మనసు నిమ్మళంగా ఉంటుంది. ముప్పావు గంటలో ఆటోకి పదిహేను నిమిషాలు పోతే మిగిలిన అరగంటలో టిఫిన్ అవుతుంది, ఫుల్ మీల్స్ మాత్రం పెట్టుకోకండి. భీమవరంలో దిగేవాళ్ళకి కూడా ఒక మాట, అక్కడ టౌన్ స్టేషన్ వేరు, జంక్షన్ వేరు, టికెట్ మీద ఏది ఉందో చూసుకుని ఆ దగ్గర్లో వెతుక్కోండి.

టిఫిన్ సెంటర్, మెస్సు, మీల్స్ హోటల్, కర్రీ పాయింట్... ఏంటి తేడా?

టిఫిన్ సెంటర్లో అన్నం ఉండదు, చాలావరకు నిలబడే తింటారు, పని వేగంగా అయిపోతుంది. మెస్సు అంటే రోజూ తినేవాళ్ళ కోసం, నెలకి డబ్బు కట్టే ఉద్యోగస్తులు, స్టూడెంట్లు వస్తారు, కొత్తవాళ్ళకి కూడా పెడతారు, ఇంటి వంటలా మసాలా తక్కువ. మీల్స్ హోటల్లో ఆకు వేసి వడ్డిస్తారు, టైమ్ పడుతుంది. కాకినాడ సుబ్బయ్య హోటల్ ఈ రకంలో బాగా పేరున్నది, అక్కడ ఆకు భోజనం కోసం వేరే ఊళ్ళ నుంచి కూడా వస్తారు కాబట్టి తొందరలో ఉన్నవాళ్ళు లంచ్ టైమ్ కి వెళ్తే వెయిటింగ్ తప్పదు. కర్రీ పాయింట్ లో కూరలు, పప్పు, సాంబారు కవర్లలో కట్టి అమ్ముతారు, లాడ్జి రూములో కుక్కర్ ఉన్నవాళ్ళకో, అన్నం ఒక్కటి వేరేగా కొనుక్కున్నవాళ్ళకో చాలా చవగ్గా పడుతుంది. ప్రయాణంలో ఒక్కళ్ళే ఉంటే మెస్సు, పిల్లలతో ఉంటే మీల్స్ హోటల్, ఇదీ నా లెక్క.

శుభ్రంగా ఉందో లేదో బయట నుంచే ఎలా తెలుసుకోవడం?

నేల మెరుస్తుందా లేదా అని చూడకండి, వర్షాకాలంలో ఎవరి నేలా మెరవదు. చేతులు కడుక్కునే చోటికి ముందు వెళ్ళండి, అక్కడి నుంచి సాధారణంగా వంటగది తలుపు, గిన్నెలు తోమే చోటు కనపడతాయి. తోమిన ప్లేట్లు పారే నీళ్ళలో కడుగుతున్నారా, ఒకే టబ్బులో ముంచి తీస్తున్నారా చూడండి, నాకు అన్నిటికంటే పట్టింపు అదే. మూకుడులో నూనె నల్లగా ఉండి నురుగు కడుతుంటే బజ్జీలు వద్దు. చట్నీ గిన్నె మీద మూత ఉందా, గరిట గిన్నెలోనే ఉందా బల్ల మీద పడేసి ఉందా. ఫుడ్ సేఫ్టీ లైసెన్స్ 14 అంకెల నంబరుతో గోడకి తగిలించి ఉండాలి, బిల్లు మీద కూడా ఆ నంబరు వెయ్యాలని 2022 జనవరి నుంచి రూలు ఉంది. ఇవన్నీ చూడ్డానికి రెండు నిమిషాలు చాలు.

బస్సు డ్రైవర్ ఆపిన హోటల్లోనే తినాలా?

తినక్కర్లేదు, కానీ చుట్టూ వేరేది ఉండదు, ఇబ్బంది అదే. ప్రైవేటు బస్సులు చాలావరకు వాళ్ళకి కుదిరిన చోటే ఆపుతాయి, ఒక హైవే హోటల్లో మా ఇంట్లోవాళ్ళకి చల్లారిపోయిన పూరీకి ఊళ్ళో రేటుకి డబుల్ తీసుకున్నారు, అడిగితే ఇష్టమైతే తినండి అన్నారు. అప్పటి నుంచి రాత్రి బస్సు అంటే ఎక్కే ముందే తినెయ్యమని అందరికీ చెప్తున్నాను, ఆగిన చోట టీ, అరటిపండు, సీలు ఉన్న బిస్కెట్ ప్యాకెట్ చాలు. ప్యాకెట్ మీద ఉన్న ఎమ్మార్పీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వక్కర్లేదు.

అన్న క్యాంటీన్ లో బయట ఊరి వాళ్ళు తినొచ్చా?

ఇవి ప్రభుత్వం పెట్టిన చవక భోజనం క్యాంటీన్లు. హాయిగా తినొచ్చు, కార్డు ఏమీ అడగరు. పూటకి 5 రూపాయలు, టోకెన్ తీసుకోవాలి. 2018లో మొదలయ్యాయి, 2019లో ఆగిపోయాయి, 2024 ఆగస్టు 15 నుంచి మళ్ళీ తెరిచారు. టిఫిన్ ఏడున్నర నుంచి పది, మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి మూడు, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది. ఆదివారం మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. జేబులో డబ్బుండి అక్కడ తినడం తప్పా అని కొంతమంది మొహమాటపడతారు, నా మట్టుకు నాకు తప్పేం కాదు, కానీ లైన్లో వెనక కూలిపని వాళ్ళుండి టోకెన్లు అయిపోయేలా ఉంటే మనం పక్క హోటల్ కి వెళ్తే బాగుంటుంది.

రోడ్డు పక్క బండి మీద తింటే కడుపు పాడవుద్దా?

ఎదురుగా వేడి పెనం మీద నుంచి ప్లేటులోకి వచ్చేదానికి భయపడక్కర్లేదు, అట్టు, ఆమ్లెట్, బజ్జీ, ఆవిరి మీద ఇడ్లీ ఇలాంటివి. భయపడాల్సింది పక్కనున్న వాటికి, అంటే ఎప్పుడో కోసిన ఉల్లిపాయ ముక్కలు, నీళ్ళు కలిపిన చట్నీ, ఐసు, తోమకుండా ఇచ్చే గ్లాసు. పెసరట్టు తిని చట్నీ బదులు కారప్పొడి వేయించుకోండి. ఎండాకాలంలో పదకొండు దాటాక కొబ్బరి చట్నీ ముట్టుకోకపోవడమే మంచిది, పొద్దున్న రుబ్బింది అప్పటికి పులిసిపోతుంది.

## కూర్చున్నాక

ముందు టోకెన్ తీసుకోవాలా, కూర్చుంటే వాళ్ళే వస్తారా?

గుమ్మం పక్కనే కౌంటర్ ఉండి వెనకాల రేట్ల బోర్డు ఉంటే ముందు టోకెన్. కౌంటర్ లోపలికి ఉంటే కూర్చోండి, సర్వర్ వస్తాడు, తిన్నాక బిల్లు. తెలీకపోతే "ఏవండీ, టోకెన్ తీసుకోవాలా" అని అడిగెయ్యండి. పిలిచేటప్పుడు చిటికెలు వెయ్యకండి, వయసుని బట్టి బాబూ అనో, తమ్ముడూ అనో, పెద్దాయన అయితే మాష్టారూ అనో అంటే చాలు, "ఆయ్, వస్తన్నానండి" అని మర్యాదగా సమాధానం వస్తుంది, కూర కూడా కొంచెం ఎక్కువే పడుతుంది.

ఫుల్ మీల్స్ కి, ప్లేట్ మీల్స్ కి తేడా ఏంటి? కూర మళ్ళీ వేస్తారా?

ఫుల్ మీల్స్ లో అన్నం, పప్పు, సాంబారు, చారు, పచ్చడి ఎన్నిసార్లు కావాలన్నా వేస్తారు. వేపుడు, స్వీటు, గడ్డ పెరుగు మాత్రం ఒక్కసారే. కూర విషయం హోటల్ ని బట్టి, అడిగితే తప్పులేదు. ప్లేట్ మీల్స్ అంటే ఇచ్చినంతే, మళ్ళీ కావాలంటే విడిగా డబ్బులు. ఒక్క ఫుల్ మీల్స్ తీసుకుని ఇద్దరు తింటామంటే ఒప్పుకోరు, చిన్న పిల్లలైతే ఏమీ అనరు, ఇంకో ప్లేటు ఇచ్చి వాళ్ళే పప్పన్నం పెడతారు. పారేసేంత వేయించుకోవద్దు, ఎన్నిసార్లయినా అడగొచ్చు కదా.

అన్నం పూర్తవకుండానే సాంబారు, చారు అంటూ వచ్చేస్తున్నారు, లేచిపొమ్మనా?

కాదండి, మధ్యాహ్నం ఒంటిగంటకి బల్లల వెనక జనం నిలబడి ఉంటారు, ఆ హడావిడి అంతే. వరస తెలిస్తే కంగారు ఉండదు: ముందు కారప్పొడి, నెయ్యి, తర్వాత ముద్దపప్పు ఆవకాయ, అప్పుడు కూర, పులుసో సాంబారో, చారు, ఆఖర్న పెరుగు. మీకు టైమ్ కావాలంటే బకెట్ పట్టుకుని వచ్చినప్పుడు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "ఆగండి, పప్పు కావాలి" అనండి. బస్సు తొందరలో ఉన్నవాళ్ళు పప్పు, చారు, పెరుగుతో ముగించెయ్యొచ్చు, పావుగంటలో కడుపు నిండుతుంది. తీరిగ్గా తినాలనుకుంటే పన్నెండుం పావుకి వెళ్ళండి, అప్పుడే దించిన పప్పు, ఖాళీ బల్లలు, వడ్డించేవాళ్ళకి ఓపిక, మూడూ ఉంటాయి.

పది నిమిషాలే ఉంది, టిఫిన్ లో ఏం చెప్తే త్వరగా వస్తుంది?

ఇడ్లీ, గారె రెడీగా ఉంటాయి. పూరీ నాలుగైదు నిమిషాలు. పెసరట్టు, దోశకి పెనం దగ్గర లైను ఉంటుంది, ఆదివారం పొద్దున్న అయితే ఇరవై నిమిషాలు కూడా పట్టొచ్చు. ఉప్మా పెసరట్టు తినే తీరాలనుంటే కూర్చోకుండా నేరుగా పెనం దగ్గరికే వెళ్ళి ఎన్ని అట్లు ముందున్నాయో అడగండి.

ఇక్కడి స్పెషల్ టిఫిన్లు చవగ్గా ఎక్కడ దొరుకుతాయి? పొట్టిక్కలు, దిబ్బ రొట్టె అంటారు కదా

ఈ రెండిటి కోసం కాస్త దారి మళ్ళినా నష్టం లేదు. పొట్టిక్కలకి అంబాజీపేట పేరు, అమలాపురం దగ్గరే. నాలుగు పనసాకులు తీసుకుని కొబ్బరి ఈనెలతో గుచ్చి బుట్టలా కుడతారు, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడతారు. ఉడికాక ఆకు విప్పుతుంటే ఆకు ఈనెల గీతలు ఇడ్లీ మీద అచ్చు పడి ఉంటాయి, పనసాకు వాసన లోపలి దాకా పట్టి ఉంటుంది, వేడిగా ఉన్నప్పుడే ఆ వాసన, చల్లారితే మామూలు ఇడ్లీయే. అందుకే పార్సిల్ వద్దు, అక్కడే తినండి, అదీ పొద్దున్న తొమ్మిది లోపు.

దిబ్బ రొట్టె అంటే పాలకొల్లు. మినప్పిండి, ఇడ్లీ రవ్వ కలిపి ఇనప మూకుడులో మందంగా పోస్తారు, కొన్నిచోట్ల ఇప్పటికీ కొబ్బరి చిప్పల నిప్పుల మీదే కాలుస్తారు, మూత మీద కూడా నిప్పులు వేస్తారు. కింద ఎర్రగా కరకరలాడుతుంది, పైన దూదిలా ఉంటుంది. ఒకటి కాలడానికి టైమ్ పడుతుంది కాబట్టి బస్సు పెట్టుకుని వెళ్ళొద్దు, మూకుడు మీద ఉన్నది దిగేదాకా కూర్చోగలిగితేనే వెళ్ళండి. చట్నీతో ఒక ముక్క, చెరకు పానకం దొరికితే పానకంతో ఒక ముక్క. ఒక్క రొట్టె ఇద్దరికి సరిపోతుంది.

చవక హోటల్లో చేపల పులుసు, రొయ్యలు తినొచ్చా? పులస ఉంటుందా?

చేపలు, రొయ్యలు ఇక్కడ తినకపోతే ఇంకెక్కడ తింటారు! భీమవరం, ఆకివీడు చుట్టూ అన్నీ చెరువులే, చవక హోటల్లో మీకు పెట్టేది ఎక్కువగా చెరువు చేపే, శీలావతి లేకపోతే బొచ్చె. ముళ్ళు ఉంటాయి, అలవాటు లేనివాళ్ళు నడుం ముక్క అడగండి. సముద్రపు చేప కావాలంటే కాకినాడ, అంతర్వేది వైపు, కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకి నిషేధం, ఆ రెండు నెలల్లో సముద్రపు చేప పెద్దగా దొరకదు, చెరువు చేపే నయం. వేపుడు అప్పటికప్పుడు వేయించినదే తినాలి, పులుసు మాత్రం వేరు, పొద్దున్న పెట్టిన పులుసు మధ్యాహ్నానికి ముక్కకి పట్టి ఇంకా బాగుంటుంది, అందుకని పులుసు చల్లగా ఉందని వెనక్కి పంపకండి.

పులస సంగతి స్పష్టంగా చెప్పాలి. అది వరదలకి గోదావరిలో ఎర్రనీరు వచ్చే రోజుల్లో, జూలై నుంచి సెప్టెంబర్ దాకా, సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతూ వచ్చే చేప. పుస్తెలమ్మయినా పులస తినాలని ఊరికే అనలేదు, చేప ఒక్కటే వేలల్లో ఉంటుంది. రెండు వందలకి ప్లేటు పులస అని బోర్డు పెడితే అది ఇలస, అంటే నదిలోకి రాకముందు సముద్రంలోనే పట్టిన అదే రకం చేప అయ్యుంటుంది, లేదా అదీ కాకపోవచ్చు. నిజమైన పులస తినాలంటే తెలిసినవాళ్ళ ద్వారా చేప కొని వండించుకోవడమే.

కారం బాగా ఎక్కువంటారు, పిల్లలకి ఏం పెట్టాలి?

గుంటూరు వైపుతో పోలిస్తే గోదావరి వంటలో కారం తక్కువే, తీపి, పులుపు కాస్త ఎక్కువ తగులుతాయి. పిల్లలకి ముద్దపప్పు, నెయ్యి, అప్పడం, ఆఖర్న పెరుగన్నం. సాంబారు బెల్లం వేసి చేస్తారు చాలాచోట్ల, అది కూడా తింటారు. టిఫిన్ అయితే ఇడ్లీ మీద నెయ్యి, పంచదార అడగండి, నవ్వుతూనే ఇస్తారు. నాన్ వెజ్ మెస్సుల్లో కోడి వేపుడు మాత్రం పిల్లలకి వద్దు, అందులో కారానికి మొహమాటం ఉండదు.

జగ్గులో నీళ్ళు తాగొచ్చా?

చాలా హోటళ్ళలో ఇప్పుడు ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళే. క్యాన్ కళ్ళకి కనపడితే తాగండి, కనపడకపోతే అడగండి. కోనసీమలో, తీరం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి కాబట్టి అక్కడ ఎవరూ బోరు నీళ్ళు తాగడానికి పెట్టరు. వర్షాకాలం కాలవ నీళ్ళు కొత్తగా వచ్చే రోజుల్లో మాత్రం నేను పిల్లలకి సీలు బాటిలే ఇప్పిస్తాను. బాటిల్ కంటే కొబ్బరిబొండం మేలు.

ఆడవాళ్ళు ఒక్కళ్ళే వెళ్ళి కూర్చోవచ్చా? బాత్రూం ఉంటుందా?

పగలు ఏ ఇబ్బందీ లేదు, కాలేజీ అమ్మాయిలు, టీచర్లు, బ్యాంకు వాళ్ళు రోజూ మెస్సుల్లో తింటారు, చాలా మెస్సులు నడిపేది కూడా ఆడవాళ్ళే, పిన్నిగారూ అని పిలిస్తే పక్కన కూర్చోబెట్టి మరీ పెడతారు. రాత్రి తొమ్మిది దాటాక మద్యం షాపుల దగ్గరున్న నాన్ వెజ్ పాయింట్లకి వెళ్ళకండి, బస్టాండ్ ఎదురుగా ఉన్న టిఫిన్ హోటళ్ళు చూసుకోండి. బాత్రూం సంగతి మాత్రం బాధగానే చెప్తున్నాను, చిన్న హోటళ్ళలో ఉండదు, ఉన్నా వాడే స్థితిలో ఉండదు, హోటల్ పెట్టేవాళ్ళు దీని గురించి ఆలోచించాలి. స్టేషన్ వెయిటింగ్ రూములో గానీ, కాంప్లెక్స్ లో గానీ, హైవే పెట్రోల్ బంకులో గానీ పని చూసుకుని తర్వాత తినడానికి వెళ్ళండి.

నాన్నగారికి షుగర్, అన్నం తక్కువ తినాలి, ఏం చెప్పాలి?

పొద్దున్న పెసరట్టు ఉప్మా లేకుండా, చట్నీ అల్లం చట్నీ కాకుండా, ఎందుకంటే అందులో బెల్లం ఉంటుంది. మధ్యాహ్నం మీల్స్ హోటల్లో రెండు పుల్కాలు అడిగి పప్పు, కూర ఎక్కువ వేయించుకోవచ్చు. రాత్రి ఎనిమిదికి చాలా టిఫిన్ సెంటర్లలో చపాతీ, గోధుమరవ్వ ఉప్మా ఉంటాయి. మందు వేసుకునే టైమ్ దాటిపోతుందనుకుంటే వడ్డించేవాళ్ళకి విషయం చెప్పండి, ముందు పెట్టేస్తారు.

## బిల్లు దగ్గర

ఫోన్‌పే పనిచేస్తుందా, డబ్బులు పట్టుకెళ్ళాలా?

బజ్జీల బండి మీద కూడా స్కానర్ ఉంది ఇప్పుడు. అయినా అయిదు వందలకి చిల్లర చేయించి జేబులో పెట్టుకోండి, లంకల వైపు, సఖినేటిపల్లి రేవు దగ్గర పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కేచోట సిగ్నల్ అందకపోతే చాలా ఇబ్బంది. తినకముందే "స్కానర్ ఉందాండి" అని ఒక మాట అడిగేస్తే గొడవే లేదు.

చిన్న హోటల్లో జీఎస్టీ వేశారు, సర్వీస్ ఛార్జ్ కూడా వేశారు, కట్టాలా?

మామూలు రెస్టారెంట్ తిండికి జీఎస్టీ 5 శాతం, బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటేనే వసూలు చెయ్యాలి. కంపోజిషన్ పద్ధతిలో, అంటే మొత్తం అమ్మకం మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతిలో ఉన్న చిన్న హోటళ్ళు కస్టమర్ దగ్గర విడిగా పన్ను తీసుకోకూడదు. సర్వీస్ ఛార్జ్ తప్పనిసరిగా వెయ్యకూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, తీసెయ్యమని అడిగే హక్కు మీకుంది. మెల్లగా అడగండి, చాలాసార్లు తీసేస్తారు.

టిప్ ఇవ్వాలా?

టిఫిన్ సెంటర్లో అలవాటు లేదు. ఆకు వేసి అయిదారుసార్లు తిరిగి వడ్డించినవాళ్ళకి పదో ఇరవయ్యో ఇవ్వండి, స్కానర్ కి కొడితే అది ఓనర్ కి వెళ్తుంది, అందుకని చేతికే ఇవ్వండి.

పాచిపోయినది పెట్టారు, ఎవరికి చెప్పాలి?

ముందు అక్కడే కౌంటర్ లో చెప్పండి, చాలామంది ఓనర్లు మార్చి ఇస్తారు, డబ్బులూ తీసుకోరు. దబాయిస్తే బిల్లు, ఫోటో దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్ లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులో కూడా మాట్లాడతారు. తిన్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే ఫిర్యాదు తర్వాత, ముందు ఓఆర్ఎస్ తాగండి, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ప్రయాణం ఒక పూట ఆగినా ఏం కాదు.

## మళ్ళీ బండెక్కే ముందు

రాత్రి రైలుకి ఏం పార్సిల్ కట్టించుకుంటే పాడవదు?

పులిహోర అన్నిటికంటే భద్రం, చింతపండు వల్ల రాత్రంతా ఉంటుంది. ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి కూడా మంచిదే. చపాతీ అయితే కూర పొడిగా ఉండేది తీసుకోండి. కొబ్బరి చట్నీ, సాంబారు, టమాటా పప్పు రెండు మూడు గంటల్లో తినేస్తేనే కట్టించుకోండి. వేడి వేడిది ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇస్తుంటే ఆకులో కట్టమనండి, అరిటాకు ఈ జిల్లాల్లో లేదనరు. ఆకులో కట్టింది చెమట పట్టకుండా ఉంటుంది, విప్పితే వాసనా బాగుంటుంది. పార్సిల్ కి పది నిమిషాలు పడుతుంది, తినడం మొదలెట్టే ముందే చెప్పేస్తే లేచేసరికి రెడీ.

రాజమండ్రిలో సీటు దగ్గరికే తిండి తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు, ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్ లో పీఎన్ఆర్ కొట్టి ఆర్డర్ పెట్టాలి, లేదా 1323కి ఫోన్. స్టేషన్ రావడానికి రెండు గంటల ముందే పెట్టెయ్యండి. టిఫిన్ సెంటర్ రేటు కంటే ఎక్కువే పడుతుంది, కానీ పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్నప్పుడు ప్లాట్‌ఫామ్ మీదకి దిగి పరిగెత్తే పని తప్పుతుంది. ఆగేది కొద్ది నిమిషాలే కాబట్టి కోచ్ నంబరు మారితే వెంటనే ఫోన్ చేసి చెప్పండి.

ఇంటికి ఏం పట్టుకెళ్తే బాగుంటుంది?

తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా, ఆత్రేయపురం పూతరేకులు. పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. బెల్లం, నెయ్యి వేసినవి తీసుకోండి, పెట్టెని బ్యాగు పైన పెట్టుకోవాలి, కింద పెడితే పొడి అయిపోతాయి. కాజా అయితే పాకం కారకుండా లోపల ఇంకో కవరు వేయించుకోండి. రావులపాలెం నుంచి ఆత్రేయపురం దగ్గరే, వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళేవాళ్ళకి కూడా దగ్గరే, శనివారం మాత్రం ఆ రోడ్డు మీద జనం విపరీతం.

రాత్రి పదకొండు దాటాక, తెల్లారుజామున నాలుగింటికి ఏమైనా దొరుకుతుందా?

పదకొండు దాటాక స్టేషన్ స్టాళ్ళు, కాంప్లెక్స్ చుట్టూ ఒకటి రెండు బళ్ళు, హైవే ధాబాలు అంతే. ఫ్రైడ్ రైస్, నూడుల్స్ బళ్ళ దగ్గర అన్నం ఎప్పుడు వండిందో అడగండి, గుడ్డు కొట్టి అప్పటికప్పుడు వేసే ఆమ్లెట్, బ్రెడ్ అయితే ఆలోచించక్కర్లేదు. నాలుగింటికి టీ, బన్ను దొరుకుతాయి. అయిదున్నరకి స్టేషన్ల బయట మొదటి ఇడ్లీ వాయి దిగుతుంది, ఆ టైముకి దిగేవాళ్ళు వెయిటింగ్ రూములో కాసేపు కూర్చుని దానికోసం ఆగండి.